వీర్రాఘవులు గారి పేరిట

వారంటు అనగానే అలా ఉలిక్కిపడకండి, పోలీసులకీ నాకూ ఏ సంబంధమూ లేదు. నేను ఒక డివిడెండు వారంటును. కంపెనీకి వచ్చిన లాభంలోంచి షేర్లు కొన్నవాళ్ళకి ఏడాదికోసారి ఇంత అని పంచిపెడతారే, ఆ వాటా రాసి తపాలాలో పంపే కాగితాన్ని. చూడడానికి చెక్కులాగే ఉంటాను. బ్యాంకులో వేస్తే డబ్బులొస్తాయి. నా మీద నాలుగు వందల రూపాయలని అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంది, దాని పైన దంగేటి వీర్రాఘవులు అని పేరుంది. నా ఆయుష్షు మూడు నెలలు. ఆ సంగతి నా నుదుటి మీదే అచ్చువేసి ఉంటుంది. ఈలోగా బ్యాంకు గడప తొక్కితే బతుకు ధన్యం, తొక్కకపోతే చిత్తు కాగితం. నేను తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

నేను పుట్టింది సామర్లకోటలో, మందాకిని వాల్వ్స్ అనే చిన్న కంపెనీ ఆఫీసులో. మంచినీళ్ళ గొట్టాలకి బిగించే ఇనప వాల్వులు పోతపోసే కంపెనీ అది. పెద్ద కంపెనీలకైతే షేర్ల పని చూడడానికి వేరే సంస్థలుంటాయి. ఇక్కడ అంతా ఒక్క గది, ఒక్క గుమాస్తా. ఆయన పేరు పుల్లేటికుర్తి భాస్కరం. కీచుకీచుమనే మిషను మీద ఒక్క పూటలో రెండు వేల మందిమి పుట్టాం. భాస్కరం మమ్మల్ని మూడేసి మడతలు పెట్టి కవర్లలో దూర్చాడు. మా కవరుకి ముందువైపు చిన్న కిటికీ ఉంటుంది. దానికి పల్చటి మెరుపు కాగితం అంటించి ఉంటుంది. కవరు మీద ఎవరూ ఏమీ రాయరు. లోపలున్న నా మీది పేరూ చిరునామాయే ఆ కిటికీలోంచి బయటికి కనిపిస్తాయి.

ఆ కిటికీలోంచి లోకం చూసుకుంటూ కాకినాడ జగన్నాయకపురం చేరాను. దారి పొడుగునా ఒకటే ఊహ. వీర్రాఘవులు గారనే ఆయన నన్ను చూసి మురిసిపోతాడు, వెనక సంతకం పెడతాడు, బ్యాంకులో గుమాస్తా నా గుండె మీద ఠప్పున ముద్ర గుద్దుతాడు. మా జాతికి ఆ ముద్రే మోక్షం. తీరా చూస్తే ఆ ఇంట్లో పెద్దకర్మ అయి నాలుగు రోజులైంది. వీర్రాఘవులు గారు లేరు.

పోస్టుమాను పాతవాడు, అన్నీ తెలిసినవాడు. నన్ను అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. వీర్రాఘవులు గారి భార్య హైమావతి వచ్చి తీసుకుంది. మునిసిపల్ ఆసుపత్రిలో మందులిచ్చే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. కవరు చింపలేదు, లోపలికెళ్ళి కత్తెర తెచ్చి ఒక అంచు కత్తిరించింది. నన్ను మడత విప్పి, నాలుగు వందల అంకె వైపు కన్నెత్తి కూడా చూడకుండా, పేరు మీద వేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నిమిరింది. తర్వాత ఒక ఆకుపచ్చ ఫైలులో పెట్టింది. రేపు బ్యాంకుకి తీసుకెళ్తుంది కాబోలు అనుకున్నాను. ఎంత వెర్రిదాన్నో!

ఆ ఫైలులో నాకంటే పెద్దావిడ ఒకావిడ ఉంది, షేర్ సర్టిఫికెట్టు. దళసరి కాగితం, చుట్టూ లతల అచ్చు, కాస్త డాబు. వీర్రాఘవులు, హైమావతి ఇద్దరి పేర్లూ ఆవిడ మీద ఉన్నాయి, ఆయన పేరు ముందు. వాళ్ళ కథంతా ఆవిడే చెప్పింది.

వీర్రాఘవులు గారు పోర్టులో లారీల కాటా దగ్గర గుమాస్తా. ముప్పై ఏళ్ళు లారీలు తూచి తూచి, కాటా ఎక్కించకుండానే ఫలానా లారీలో ఇన్ని టన్నులుందని చెప్పేవారట. పిల్లలు లేరు. ఇద్దరి జీతాల్లో మిగిలింది ఎక్కడ పెట్టాలన్నదే ఆదివారాల ముచ్చట. ఆయన స్నేహితుడు, ఐసు ఫ్యాక్టరీలో సూపర్వైజరు గంగాధరం పేపరు పట్టుకుని వచ్చేవాడు. ముగ్గురూ షేర్ల ధరల పేజీ పరుచుకుని కూర్చునేవారు. పెద్ద పేర్లున్న కంపెనీలు వీళ్ళకి అక్కర్లేదు. అందరికీ తెలిసిపోయాక కొని ఏం లాభమండీ అనేవారు ఆయన. చిన్నగా ఉండాలి, ఎవరి కంటా పడకుండా ఉండాలి, పెరగాలి. ఆయన పాట అది. హైమావతి పాట వేరు.

"పెరిగేది ఎప్పుడండీ, మనం పోయాకా? ఏడాదికోసారి చేతిలో ఏదైనా పడాల. అప్పుడే ఆ కంపెనీకి ప్రాణం ఉన్నట్టు."

"చేతిలో పెట్టేస్తే ఇంక పెరిగేదేంటి? ఆ డబ్బే కంపెనీలో ఉంటే ఇంకో కొలిమి పెట్టుకుంటారు కదా!"

"కొలిమి వాళ్ళు పెట్టుకుంటారు, మన పొయ్యి సంగతేంటి?"

మనుషులు భలే వింతవాళ్ళు. చేతిలో ఒక్క షేరు లేకుండా ఈ గొడవ రెండేళ్ళు పడ్డారట.

చివరికి మందాకిని వాల్వ్స్ దగ్గర ఇద్దరూ ఒక్క మాట మీదికొచ్చారు. కంపెనీలు అచ్చువేసే లెక్కల పుస్తకాలు నమ్మే రకం కాదు ఆయన. సెలవు పెట్టి, భార్యని వెంటబెట్టుకుని సామర్లకోట వెళ్ళారు. ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నారు. లోపలినుంచి వచ్చే ప్రతి లారీకీ ఆయన వంగి, చక్రాల మీది స్ప్రింగు పట్టాలు ఎంత కిందికి దిగాయో చూసేవారు. "పట్టా అబద్ధం చెప్పదు హైమా. సరుకు నిజంగా పోతోంది" అన్నారట. ఆవిడ ఊరుకుంటుందా, టీ కొట్టామెని మాటల్లో పెట్టి అసలు సంగతి లాగింది. ఫ్యాక్టరీ వాళ్ళు టీ బాకీలు ప్రతి నెలా ఏడో తారీకుకి ఠంచనుగా తీరుస్తారట. జీతాలు వేళకి పడితే కదా బాకీలు వేళకి తీరేది. ఇలా తూచారు వాళ్ళు ఒక కంపెనీని. నవ్వొస్తుంది గానీ, ఆ తూకం తప్పలేదు. వంద షేర్లు కొన్నారు.

అప్పటి నుంచి ఏటా కంపెనీ సర్వసభ్య సమావేశానికి ఇద్దరూ వెళ్ళేవారు. పులిహోర పొట్లం, రెండు లడ్డూలు ఇచ్చేవారట. ఆయన ఏటా లేచి నిలబడి ఒకటే ప్రశ్న: "లాభం ఇలా పంచేస్తే రెండో కొలిమి ఎప్పుడు పెడతారండీ?" పక్కన ఈవిడ చొక్కా పట్టి కిందికి లాగుతూ "కూర్చోండి, వాళ్ళు ఇస్తామంటుంటే వద్దంటారేంటి" అని గొణిగేదట. హాలంతా నవ్వులే. ఇంటికొచ్చాక ఆ ఏటి వారంటు పట్టుకుని ఆవిడ బ్యాంకుకి వెళ్ళేది, వస్తూ వస్తూ ఆయనకి కాజాలు తెచ్చేది. నా ముందు పుట్టిన వారంటులందరికీ మోక్షం దక్కింది. నా ఖర్మ చూడండి.

ఆయన పోయాక నెల తిరక్కుండా హైమావతి ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలెట్టింది. మరణ ధ్రువపత్రం జిరాక్సులు కట్టగా తీయించింది. పెన్షను ఆఫీసు, రేషను కార్డు, గ్యాసు, కరెంటు మీటరు, ఇంటి పన్ను, బ్యాంకు. వెళ్ళిన ప్రతి చోటా ఒక జిరాక్సు ఇవ్వడం, వాళ్ళు ఆయన పేరు కొట్టేయడం, ఈవిడ పేరు రాయడం. బ్యాంకు ఖాతా కూడా ఈవిడ ఒక్కదాని పేర అయిపోయింది. ఇక నన్ను మార్చుకోవాలంటే ఒకటే దారి: ఆయన లేరని మందాకిని వాల్వ్స్‌కి రాయాలి. అప్పుడు షేర్లు ఈవిడ పేరుకి మారతాయి, వారంటు ఈవిడ పేర వస్తుంది. ఒక ఉత్తరం, ఒక జిరాక్సు, అంతే పని.

ఆ ఉత్తరం రాయలేదావిడ. గంగాధరం వచ్చి అడిగాడు.

"ఇంకా రాయలేదా చెల్లెమ్మా? మూడు నెలలు దాటితే ఆ కాగితం పనికిరాదు."

"రాయనండి అన్నయ్యగారూ. ఊళ్ళో ఉన్న ఆఫీసులన్నిటికీ వెళ్ళి నా చేత్తో నేనే ఆయన్ని లేకుండా చేశాను. అడిగినోడికల్లా లేరని చెప్పి సంతకాలు పెట్టాను. ఇదొక్కటే మిగిలింది. ఇక్కడైనా ఉండనివ్వండి ఆయన్ని."

గంగాధరం తల ఊపి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఉన్నదే మూడు నెలల ఆయుష్షు, అది ఫైలులో ఆకుపచ్చ అట్ట చూస్తూ గడిచిపోతే ఎవరికి చెప్పుకోను? బ్యాంకు కోసం ఎంత బెంగపెట్టుకున్నానో మీకు తెలీదు. వీధిలో ఆటో ఆగితే చాలు, నా కోసమేనేమో అనిపించేది. తొంభయ్యో రోజు వచ్చింది, పోయింది. పోయిన మర్నాడు కూడా హైమావతి ఫైలు తీసి, నా మీది ఆ పేరుని వేలితో నిమిరింది. చెల్లే కాగితానికీ చెల్లని కాగితానికీ తేడా ఆ వేలికి లేనే లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు నుంచి నా అలక కాస్త తగ్గింది.

ఏడాది తిరిగింది. సెప్టెంబరు వచ్చిందంటే చాలు, హైమావతి పదింటికల్లా పని ముగించుకుని అరుగు మీదికొచ్చి కూర్చునేది. పోస్టుమాను వీధి మలుపు తిరగ్గానే లేచి నిలబడేది. కవరు చేతికి రాగానే ఆ కిటికీలోంచి పేరు చదువుకునేది, మళ్ళీ చదువుకునేది. నా పక్కకి ఒక చెల్లి చేరింది. మరుసటి ఏడు ఇంకో చెల్లి. వచ్చిన ప్రతిదీ నాలాగే బ్యాంకు బ్యాంకు అని కలవరించేది, నేను సముదాయించేదాన్ని. ఏటా చేతిలో పడాలని మొగుడితో పోట్లాడిన మనిషి, చేతిలో పడ్డదాన్ని ముట్టుకోకుండా దాచుకుంది. ఏమంటారు దీన్ని?

ఇంకో చిత్రం చూడండి. ఆయన పోయిన రెండో ఏడు మందాకిని వాల్వ్స్ రెండో కొలిమి పెట్టింది. మూడో ఏడు జిల్లా మంచినీళ్ళ పథకాలకి సరుకు వాళ్ళదే. ఒక షేరున్న వాళ్ళకి మూడు షేర్లు ఊరికే ఇచ్చారు. ఆ సర్టిఫికెట్టూ వీర్రాఘవులు గారి పేరే ముందు పెట్టుకుని వచ్చింది. వంద షేర్లు కాస్తా నాలుగు వందలయ్యాయి, ధర ఎన్నో రెట్లు పెరిగింది. గంగాధరం పేపరు తెచ్చి చూపించి కళ్ళు తుడుచుకునేవాడు. "చూశావా చెల్లెమ్మా, మావాడి తూకం! వాడు ఉండి చూడాల్సిందే ఇది." హైమావతి ఆ అంకెని కూడా వేలితో నిమిరేది. ఆయన ఏదైతే కావాలనుకున్నారో అదంతా ఆయన వెళ్ళాక వచ్చింది.

ఏడో ఏడు సెప్టెంబరులో రిజిస్టరు ఉత్తరం వచ్చింది. పాత పోస్టుమాను రిటైరై, కొత్తాయన వచ్చాడు.

"దంగేటి వీర్రాఘవులు గారు ఉన్నారాండి?"

హైమావతి గుమ్మంలో ఆగిపోయింది. ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఏడేళ్ళలో ఎవరూ లేరు.

"ఉన్నారు బాబూ. బయటికెళ్ళారు."

"ఎప్పుడొస్తారండి? సంతకం కావాల."

"ఆలస్యమవుద్ది. నేను ఆయన భార్యని, నేను పెడతాను."

సంతకం పెట్టింది, తలుపేసుకుంది, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఏడేళ్ళకి సరిపడా ఏడ్చింది. ఆ ఉత్తరంలో ఏముందో గంగాధరం వచ్చి చదివి చెప్పాడు. వరసగా ఏడేళ్ళు డివిడెండు తీసుకోకపోతే ఆ షేర్లకి దిక్కులేదని లెక్క. ఈ నెలాఖరులోగా ఎవరూ అడగకపోతే షేర్లన్నీ ప్రభుత్వ నిధికి వెళ్ళిపోతాయి.

"తర్వాత అర్జీ పెట్టుకుని తెచ్చుకోవచ్చంటారు గానీ, మన వయసుకి ఆ తిరుగుడు పడలేం. అయినా ఎలా చూసినా ఇంక ఉత్తరాలు రావు చెల్లెమ్మా. అటెళ్ళిపోయినా వాడి పేరు పోద్ది, నువ్వు రాసినా పోద్ది."

"అయితే నన్నేం చెయ్యమంటారు?"

"పేరు ఎలాగూ దక్కదు. వాడు నమ్మి కొన్నవైనా దక్కించుకో."

మూడు రోజులు ఆవిడ ఫైలు ముందేసుకుని కూర్చుంది. మా ఏడుగురినీ వరసగా నేల మీద పరుస్తుంది, మళ్ళీ కట్టగా పెడుతుంది. అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకుంటుంది. ఒక పక్క ఆయన పేరు, ఇంకో పక్క ఆయన నమ్మకం. ఏది వదులుకున్నా ఆయన్నే వదులుకున్నట్టు. ఆవిడ బాధ చూడలేక, నన్ను చించి పారేసినా బాగుండును అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున్నే ఉతికిన నేత చీర కట్టుకుని, ఫైలు సంచిలో పెట్టుకుని సామర్లకోట బస్సెక్కింది.

పుట్టిల్లు చూడడం అందరికీ సంతోషమే గానీ నాకు కాదు ఆ రోజు. అదే గది. భాస్కరం జుట్టు తెల్లబడింది. ఆవిడని చూడగానే లేచి కుర్చీ జరిపాడు.

"రండమ్మా. కొలిమి గారి భార్య కదండీ మీరు? ఇక్కడందరం అలాగే అనేవాళ్ళం. ఆయన మీటింగుకి రాని ఏడే మాకు తెలిసిందండి సంగతి."

"తెలుసా? మరి ఉత్తరాలు ఎందుకు పంపారు?"

"చెవితో విన్నది మా రిజిస్టరుకి చెల్లదండి. ఎవరైనా కాగితం మీద రాసిచ్చే దాకా మనిషి అందులో ఉన్నట్టే. మీరు రాస్తారని చూశాను, రాయలేదు. ఎందుకు రాయలేదో మా ఇంట్లో ఆవిడ చెప్పింది. సరేలెమ్మని పంపిస్తూ వచ్చాను. ఈసారి మాత్రం నా చేతుల్లో లేదమ్మా."

హైమావతి జిరాక్సు తీసి బల్ల మీద పెట్టింది. భాస్కరం ఫారం ముందుకు లాక్కున్నాడు. తానే నింపుతానన్నాడు. "పోయినవారి పేరండి?" అని అలవాటుగా అడిగాడు. ఆవిడ సంచిలోంచి నన్ను తీసి, ఆయన ముందు పెట్టి, పేరు మీద వేలుంచింది.

"ఇదండి."

"నాకు తెలీదనా అమ్మా అడుగుతున్నాను. ఇది మీరిచ్చే వాంగ్మూలం. మీరు చెప్పాలి, నేను రాయాలి, కింద మీరు సంతకం చెయ్యాలి."

అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఏడేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను, ఆ పేరు ఆవిడ నోటివెంట ఒక్కసారీ వినలేదు. మొగుడి పేరు పలకని కాలం మనిషి. మిగతా ఆఫీసుల్లో కూడా జిరాక్సు చేతికిచ్చి ఊరుకుని ఉంటుంది. "ఆయన" అంటుంది, "మావారు" అంటుంది. ఆయన్ని పేరు పెట్టి పిలిచే చోటు ఒక్కోటీ పోతూ ఉంటే, ఏడాదికోసారి పిలిచేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నాలుగు వందలకి చెల్లకుండా పోయాను కాబట్టి నాకు విలువ లేదని ఇన్నాళ్ళూ మూతి ముడుచుకున్నాను చూడండి, బుద్ధి ఉన్నదాన్నేనా!

ఆవిడ పెదవులు కదిలాయి, మాట రాలేదు. భాస్కరం పెన్ను పట్టుకుని తల దించుకున్నాడు, తొందరపెట్టలేదు. బయట ఎవరో ఇనుము కొడుతున్నారు.

"వీర్రాఘవులు" అంది. కాసేపాగి, "వీర్రాఘవులు గారు" అంది.

ఫారాల్లో గారు అని రాయరు. భాస్కరం రాశాడు.

ఆవిడ సంతకం చేసింది. భాస్కరం రిజిస్టరు తీసి, స్కేలు ఆనించి, ఆ పేరు మీద ఎర్ర గీత గీశాడు. షేర్లు నాలుగు వందలూ, ఏడేళ్ళ డివిడెండూ ఆవిడకి వస్తాయన్నాడు. ఇంకనుంచి కాగితాలుండవన్నాడు. డబ్బు నేరుగా బ్యాంకులో పడిపోతుంది, ఫోనుకి మెసేజీ వస్తుంది, అందులో పేరుండదు, ఖాతా చివరి నాలుగంకెలే ఉంటాయి.

"వీటిల్లో ఒక్కటి నేను ఉంచుకోవచ్చాండీ?"

"ఉంచుకోనివ్వరమ్మా. రద్దు చేసి ఫైల్లో పెట్టాలి. లెక్క తేలాలి కదండీ."

భాస్కరం రబ్బరు స్టాంపు తీసి మా ఏడుగురి మీదా వరసగా గుద్దాడు. పుట్టినప్పటి నుంచి ముద్ర ముద్ర అని ఏడ్చానే, అదిగో పడింది. రద్దు అని. హైమావతి లేవబోతూ ఆగి, సిరా ఇంకా తడిగా ఉన్న నన్ను దగ్గరికి జరుపుకుని, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేలితో నిమిరింది. వేలికంటిన సిరా చీర కొంగుకి తుడుచుకోకుండా అలాగే గుప్పిట మూసుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను ఆ గది వెనక రికార్డు బీరువాలో, తాడు కట్టిన కట్టలో పైనుంచి మూడోదాన్ని. బ్యాంకు మీద బెంగ ఎప్పుడో పోయింది. ఆ వేలి మీద బెంగ పోవడం లేదు. సెప్టెంబరు వస్తే తెలుస్తుంది, బయట మీటింగుకి పులిహోర పొట్లాలు కడుతున్న సందడి వినిపిస్తుంది. జగన్నాయకపురంలో ఆవిడ పదింటికి అరుగు మీదికి వచ్చి కూర్చుంటోందో, మానేసిందో నాకెవరు చెబుతారు? బీరువాలో చెదలు పట్టకుండా మందు కొట్టారు. నా మీద ఆ పేరు చెక్కుచెదరలేదు. చదివే మనిషే లేదు.